ఫుట్‌బాల్ క్లబ్‌లో సంతకం ఎవరిది? యజమాని, సీఈఓ, స్పోర్టింగ్ డైరెక్టర్, కోచ్ అధికారాల గురించి

బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ ఫైనాన్స్ విభాగంలో ఏడేళ్లుగా పనిచేస్తున్న మిత్రుడొకరు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. ఆయనకు ఒక ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ క్లబ్ నుంచి ఫైనాన్స్ మేనేజర్ ఉద్యోగం వచ్చింది. యజమాని పేరున్న వ్యాపారవేత్త. ఇంట్లోవాళ్లు మాత్రం ఇలాంటి ఉద్యోగం ఎన్నాళ్లుంటుందోనని భయపడుతున్నారు. క్లబ్‌లో యజమాని, సీఈఓ, స్పోర్టింగ్ డైరెక్టర్, కోచ్ అనే నలుగురిలో నిజంగా నిర్ణయం ఎవరిది, యజమాని ధనవంతుడైతే క్లబ్ భద్రంగా ఉన్నట్టేనా అని ఆయన అడుగుతున్నారు.

సూటిగా చెబుతాను. ధనవంతుడైన యజమాని అవసరమే, కానీ ఆ ఒక్కటీ చాలదు. ఏ కాగితం మీద ఎవరి సంతకం చెల్లుతుందో ముందే రాసిపెట్టుకున్న క్లబ్‌లో చేరండి. అది యజమాని మనసునుబట్టి రోజుకో రకంగా మారే క్లబ్‌లో, ఆయన ఎంత సంపన్నుడైనా, చేరవద్దు. పైన చెప్పిన నలుగురికీ నాలుగు వేర్వేరు నిర్ణయాలు ఉంటాయి, ఉండాలి. ఎంత డబ్బు, ఎన్నేళ్లపాటు అన్నది యజమానిది. ఆ డబ్బు ఏ పద్దుకు ఎంత అన్నది సీఈఓది. ఏ ఆటగాడు, ఏ ధరకు, ఎన్నేళ్ల ఒప్పందం అన్నది స్పోర్టింగ్ డైరెక్టరుది. శనివారం సాయంత్రం మైదానంలోకి ఏ పదకొండుగురు దిగాలన్నది కోచ్‌ది. ఒకరి నిర్ణయంలోకి మరొకరు చొరబడ్డప్పుడల్లా దాని మూల్యం ఆరు నెలల తరువాత ఖాతా పుస్తకాల్లో కనిపించింది. నేను పనిచేసిన రెండు క్లబ్బుల్లోనూ ఇదే చూశాను.

నా గురించి రెండు మాటలు. మాది అనంతపురం. అకౌంటెన్సీ చదువు ముగించి బెంగళూరు వచ్చాను. పన్నెండేళ్లుగా క్లబ్బుల్లోనే ఉన్నాను; మొదట జీతాల లెక్కలు చూశాను, తరువాత లైసెన్సింగ్ పత్రాలు, ఆటగాళ్ల ఒప్పందాలు చూస్తూ వచ్చాను. ఆ క్లబ్బుల పేర్లు రాయను. బహిరంగంగా అందరికీ తెలిసిన సంగతులకు మాత్రం పేర్లు పెట్టి చెబుతాను.

ముందుగా, మన దేశంలో ఫుట్‌బాల్ జట్టుకు యజమాని అనే మాటకు ఉన్న అర్థమే ఒక తరంలో మారిపోయిందని గుర్తుంచుకోవాలి. బెంగళూరులో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లోని పెద్దలను అడగండి. వారికి తెలిసిన ఫుట్‌బాల్ జట్లు హెచ్‌ఏఎల్, ఐటీఐ వంటి కర్మాగారాలవి. ఆటగాడు ఆ కర్మాగారంలో ఉద్యోగి. పొద్దున సాధన, తరువాత డ్యూటీ, ఆట ముగిసిన వయసులోనూ జీతం, చివరికి పింఛను. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను వరసగా ఐదుసార్లు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారి శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచి, 1962లో ఆసియా క్రీడల స్వర్ణం సాధించింది. ఆ పోలీస్ జట్టుకు యజమాని ఒక ప్రభుత్వ శాఖ. లాభనష్టాల మాట లేదు, ఏటా ఒప్పందాల మాట అంతకన్నా లేదు. ఆ పద్ధతిలో ఆటగాడి బతుకుకు ఉన్న భద్రత ఇప్పటి పద్ధతిలో లేదని ఒప్పుకోవాలి. అయితే ఆ జట్లు ప్రొఫెషనల్ లీగు వేగాన్ని అందుకోలేకపోయాయి. హెచ్‌ఏఎల్ జట్టు అప్పట్లో దేశపు అగ్రశ్రేణి లీగు అయిన ఐ-లీగ్‌లో 2010-11, 2011-12 సీజన్లు ఆడి కిందకు దిగిపోయింది.

బెంగళూరులో కొత్త పద్ధతి 2013లో మొదలైంది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కార్పొరేట్ సంస్థలను నేరుగా ఐ-లీగ్‌లోకి ఆహ్వానించినప్పుడు జేఎస్‌డబ్ల్యూ సంస్థ ముందుకు వచ్చి బెంగళూరు ఎఫ్‌సీని స్థాపించింది. ఆష్లే వెస్ట్‌వుడ్ కోచ్‌గా, సునీల్ ఛెత్రి సారథిగా ఆడిన మొదటి సీజన్‌లోనే ఆ జట్టు 2013-14 ఐ-లీగ్ గెలిచింది. 2015-16లో మళ్లీ గెలిచింది. 2016లో ఆసియా క్లబ్బుల టోర్నీ అయిన ఏఎఫ్‌సీ కప్ ఫైనల్ దాకా వెళ్లింది. 2017లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో చేరి, తొలి ఏడాది సొంత మైదానంలో జరిగిన ఫైనల్‌లో చెన్నయిన్ చేతిలో 3-2తో ఓడి, మరుసటి ఏడాది 2019 మార్చిలో గోవా మీద రాహుల్ భేకే అదనపు సమయంలో కొట్టిన గోలుతో కప్పు అందుకుంది. ఈ విజయాలకు కారణం డబ్బేనని చాలామంది అంటారు. నా అభిప్రాయం వేరు. ఆ తొలి సంవత్సరాల్లో బయటినుంచి గమనించిన నాలాంటివాళ్లకు కనిపించింది క్రమశిక్షణ. కోచ్‌కు కావలసిన సౌకర్యాలు ముందే ఏర్పాటు చేయడం, జీతం సమయానికి పడటం, ప్రయాణం, ఆహారం, వైద్యం వంటివాటిని ఆట నాణ్యతలో భాగంగా చూడటం అప్పటికి మన దేశంలో కొత్త. ఆటగాళ్ల నోట ఎక్కువసార్లు విన్నది కూడా జీతం తేదీ గురించే.

ఐఎస్ఎల్ యజమానులను కొంచెం పరిశీలిస్తే మూడు నాలుగు రకాలు కనిపిస్తారు. జేఎస్‌డబ్ల్యూ, జంషెడ్‌పూర్ జట్టును నడిపే టాటా స్టీల్ వంటి పారిశ్రామిక సంస్థలు ఒక రకం. చెన్నయిన్‌కు అభిషేక్ బచ్చన్, మహేంద్రసింగ్ ధోనీ, వీటా డానీ కలిసి యజమానులైనట్టు, ప్రముఖులు, పెట్టుబడిదారులు కలిసినది ఇంకొకటి. ఆ జట్టు 2015లోను, 2017-18లోను కప్పు గెలిచింది. మన తెలుగువారికి దగ్గరి ఉదాహరణ కేరళ బ్లాస్టర్స్. 2014లో సచిన్ తెందూల్కర్‌తో పాటు పీవీపీ సంస్థ, 2016లో నిమ్మగడ్డ ప్రసాద్, అల్లు అరవింద్, నాగార్జున, చిరంజీవి గార్లు అందులో భాగస్వాములయ్యారు. 2018లో సచిన్ తన వాటా వదులుకున్నారు. పోస్టరు మీద కనిపించే ముఖం ఒకరిది, ఏటా లోటు పూడ్చే చేయి మరొకరిది కావచ్చు. మీరు తెలుసుకోవలసింది ఆ రెండో చేయి గురించి.

లోటు అన్న మాట ఎందుకు వాడానంటే, మన దేశంలో ఫుట్‌బాల్ క్లబ్ ఏటా నష్టపోతుందని ముందే తెలిసి పెట్టుబడి పెట్టే వ్యాపారం. టికెట్ల ఆదాయం తక్కువ. స్టేడియం క్లబ్‌ది కాదు. బెంగళూరు కంఠీరవ స్టేడియం, చెన్నై జవాహర్‌లాల్ నెహ్రూ స్టేడియం రెండూ ప్రభుత్వానివి, పైగా అథ్లెటిక్స్ ట్రాకు ఉన్నవి. మ్యాచ్ రోజుకు అద్దె, భద్రత, అంబులెన్సులు, ఫ్లడ్‌లైట్లు, జనరేటర్ల డీజిల్ అన్నీ క్లబ్ ఖర్చే. సంవత్సరం పొడుగునా దుకాణాలు, హోటలు నడిపి ఆదాయం తెచ్చుకునే అవకాశం అద్దె మైదానంలో ఉండదు. మిగిలేవి జెర్సీ మీది స్పాన్సర్ డబ్బు, లీగు నుంచి వచ్చే వాటా, అరుదుగా ఆటగాణ్ణి అమ్మితే వచ్చే బదిలీ రుసుము. ఇవన్నీ కలిపినా ఒక మొదటి జట్టు (సీనియర్ జట్టు) జీతాలకు సరిపోవడం కష్టం. కాబట్టి యజమానిని అర్థం చేసుకోవాలంటే ఆయన ఎంత సంపాదించారని కాక, ఈ నష్టాన్ని ఎందుకు భరిస్తున్నారు, ఎన్నాళ్లు భరిస్తానని బోర్డు ముందు చెప్పారు అని అడగాలి. ఊరి మీద మమకారం కావచ్చు, సంస్థ పేరు నిలబెట్టుకోవడం కావచ్చు, ఆటగాళ్లను తయారు చేసి అమ్మాలన్న ఆలోచన కావచ్చు. కారణం ఏదైనా సరే, అది మూడేళ్ల బడ్జెట్‌గా కాగితం మీదికి ఎక్కితే కిందివాళ్లు పని చేయగలుగుతారు.

ఇక నా అనుభవంలోకి వస్తాను. మొదటి క్లబ్‌లో నేను చేరిన రెండో ఏడు, జనవరి బదిలీల గడువు మరో నాలుగు రోజుల్లో ముగుస్తుందనగా, యజమాని ఒక హోటల్లో ఒక ఏజెంటును కలిశారు. విదేశీ ఫార్వర్డ్ ఒకరి వీడియోలు చూసి ముచ్చటపడి, ఏడాదికి ఇంత అని ఒక మొత్తం చెప్పి, ఏడాదిన్నర ఒప్పందానికి మాట ఇచ్చేశారు. స్పోర్టింగ్ డైరెక్టర్‌కు ఆ సంగతి ఏజెంటు పంపిన వాట్సాప్ సందేశం ద్వారా తెలిసింది. కోచ్ అడిగింది ఎడమవైపు ఆడే డిఫెండరును. ఆ ఫార్వర్డ్ మోకాలికి అంతకుముందే శస్త్రచికిత్స జరిగిందని మా డాక్టర్ చెప్పేసరికి సంతకాలు అయిపోయాయి. అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది మరో సంగతి. యజమాని చెప్పిన మొత్తాన్ని ఏజెంటు పన్ను పోగా చేతికొచ్చే జీతంగా రాయించుకున్నాడు. యాభై లక్షలు చేతికి రావాలంటే క్లబ్ భరించవలసింది డెబ్బై లక్షల దగ్గరికి వెళుతుంది. ఆ తేడా నెలసరి లెక్కల్లో నాకు కనిపించిన నాటికి చేయగలిగింది ఏమీ లేదు.

ఆ ఆటగాడు మొత్తం మీద నాలుగు మ్యాచ్‌లు ఆడాడు, అవీ చివరి పావుగంట. సీజన్ ముగిశాక అతణ్ణి వదిలించుకోవడానికి మిగిలిన ఏడాది జీతంలో సగానికి పైగా ఇచ్చి రాజీ చేసుకున్నాము. అదే ఏడాది బడ్జెట్ సరిపోక అండర్-15 పిల్లల హాస్టల్ మూసివేశారు. పదకొండుమంది పిల్లలు పెట్టెలు సర్దుకుని వెళ్లిన రోజు నేను ఆఫీసులోనే ఉన్నాను. వాళ్లలో ఇద్దరు మా జిల్లావాళ్లు. ఒకరి తండ్రి ధర్మవరంలో మగ్గం మీద పనిచేస్తారు. ఆయన నన్ను తెలుగులో, సార్, మళ్లీ ఎప్పుడు తెరుస్తారు అని అడిగితే సమాధానం చెప్పలేకపోయాను. యజమాని చెడ్డవారు కారు. ఆటంటే ప్రాణం పెట్టే మనిషి, పిల్లల సంగతి తెలిసి బాధపడ్డారు కూడా. హోటల్లో ఇచ్చిన ఒక్క మాట హాస్టల్ దాకా వచ్చి తగులుతుందని ఆయనకు చెప్పే మనిషి, చెప్పే పద్ధతి ఆ క్లబ్‌లో లేకపోయింది. నేను ఈ సమాధానం ఇంత పొడుగ్గా రాయడానికి కారణం ఆ రోజే.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన తప్పు కూడా ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. యజమాని అన్ని సంతకాలూ తన దగ్గరే ఉంచుకుని అందుబాటులో లేకపోవడం. ఒకసారి జట్టు దూరపు ఊరిలో మ్యాచ్ ముగించుకుని ఉదయం బయలుదేరవలసి ఉండగా, హోటల్ బిల్లు చెల్లించే అధికారం ఉన్న వ్యక్తి విమానంలో ఉండటంతో ముప్పై మందికి పైగా ఆటగాళ్లు, సిబ్బంది లాబీలో మూడు గంటలు కూర్చున్నారు. చివరికి టీమ్ మేనేజర్ తన సొంత కార్డు మీద కట్టారు. అడిగితే అది చిన్న విషయమే అంటారు. కానీ ఆ మూడు గంటల్లో సీనియర్ ఆటగాళ్లు ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకున్నారో నాకు టీమ్ మేనేజర్ చెప్పారు. ఆ తరువాతి నెలలో ఇద్దరు తమ ఏజెంట్లచేత జీతాల గ్యారంటీ గురించి ఉత్తరాలు రాయించారు.

ఇదే సంతకం సమస్య ఎంత పెద్ద స్థాయిలో తలెత్తగలదో చూపే ఉదాహరణ ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్ రోవర్స్. దాని యజమానులు మనకు దూరపువారు కారు. 1971లో హైదరాబాద్‌లో బి.వి. రావు గారు మొదలుపెట్టిన వెంకటేశ్వర హ్యాచరీస్ సంస్థే తరువాత పుణె కేంద్రంగా పెరిగి, 2010 నవంబరులో ఆయన వారసుల చేతుల మీదుగా ఆ క్లబ్‌ను దాదాపు 2.3 కోట్ల పౌండ్లకు కొన్నది. 1994-95లో ప్రీమియర్ లీగ్ గెలిచిన క్లబ్ అది. ఆ విజయం వెనుక కూడా జాక్ వాకర్ అనే స్థానిక ఉక్కు వ్యాపారి డబ్బు ఉంది. కొత్త యజమానులు వచ్చిన నెల తిరగకుండానే అనుభవజ్ఞుడైన మేనేజర్ (అక్కడ కోచ్‌ను అలాగే అంటారు) శామ్ అలర్డైస్‌ను తొలగించారు. 2012 మేలో క్లబ్ ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి పడింది, ఆ తరువాత తిరిగి పైకి చేరలేదు. 2017లో మూడో అంచెకు జారి, ఒక్క సీజన్‌లో రెండో అంచెకు వచ్చింది.

ఆ కథలో ఆఫీసు పని చేసే మనలాంటివాళ్లు తప్పక చదవవలసిన అధ్యాయం హెన్నింగ్ బర్గ్‌ది. 2012 అక్టోబరు చివర మూడేళ్ల ఒప్పందంతో మేనేజర్‌గా వచ్చి 57 రోజులకే ఉద్యోగం పోగొట్టుకున్న ఆయన, ఒప్పందం ప్రకారం తనకు రావలసిన 22.5 లక్షల పౌండ్ల కోసం కోర్టుకెళ్లారు. క్లబ్ మొదట ఆ బాకీని ఒప్పుకుంది. తరువాత, ఆ ఒప్పందం కుదిర్చిన తమ మేనేజింగ్ డైరెక్టర్‌కు అలాంటి షరతులు రాసే అధికారమే లేదని వాదించింది. 2013లో ఇంగ్లండ్ హైకోర్టు ఆ వాదనను అంగీకరించలేదు. ఒక క్లబ్ తన సొంత ముఖ్య అధికారి సంతకాన్నే కోర్టులో కాదనవలసి వచ్చిందంటే, లోపల ఎవరి అధికారం ఎంతవరకో ఎవరికీ తెలియదన్నమాట. ఆ కుటుంబం పట్ల న్యాయంగా ఇది కూడా చెప్పాలి: అన్ని సంవత్సరాలూ నష్టాలు పూడ్చింది వారే. డబ్బు ఉన్నా అది సమయానికి క్లబ్ ఖాతాకు చేరడం వేరే విషయమని కూడా ఆ క్లబ్ అనుభవం చూపింది; 2023 నుంచి భారత్‌లోని డబ్బు అక్కడికి పంపడానికి ఢిల్లీ హైకోర్టు అనుమతి తీసుకోవలసి వచ్చింది.

యజమాని అధికారానికి అభిమానులు గీసే గీత కూడా ఒకటి ఉంటుంది. వేల్స్‌లోని కార్డిఫ్ సిటీ నీలం జెర్సీని యజమాని విన్సెంట్ టాన్ 2012లో ఎరుపుగా మార్చారు. అభిమానుల నిరసన తరువాత 2015 జనవరిలో నీలం తిరిగివచ్చింది. 2020లో ఏటీకే అనే కోల్‌కతా జట్టు యజమాని అయిన ఆర్‌పీఎస్‌జీ గ్రూప్ మోహన్ బగాన్ ఫుట్‌బాల్ విభాగంలో 80 శాతం వాటా తీసుకుని జట్టు పేరు ముందు ఏటీకే పేరు చేర్చినప్పుడు కోల్‌కతాలో జరిగినదీ అదే. 2023లో కప్పు గెలిచిన రాత్రి ఆ ముందు పేరు తీసేస్తున్నామని యజమాని సంజీవ్ గోయెంకా ప్రకటించారు. షేర్లు కొన్నంత మాత్రాన పేరు, రంగు సొంతం కావు.

ఇప్పుడు మీ పనికి నేరుగా సంబంధించిన భాగం. మీ బల్ల మీదికి వచ్చే అతి ముఖ్యమైన దస్త్రం క్లబ్ లైసెన్సింగ్, అంటే ఆడటానికి క్లబ్ పొందవలసిన అనుమతి. ఆసియా సమాఖ్య నియమాలను అనుసరించి మన సమాఖ్య ప్రతి సీజన్ ముందు క్లబ్బులను ఐదు విధాలుగా పరీక్షిస్తుంది: ఆటకు సంబంధించినవి, మౌలిక సదుపాయాలు, సిబ్బంది, చట్టపరమైనవి, ఆర్థికమైనవి. సిబ్బంది పట్టికలో ఫైనాన్స్ అధికారి, డాక్టర్, భద్రతాధికారి, యువ జట్ల అధిపతి వంటి పదవులు ఖాళీగా ఉండకూడదు. ఆర్థిక భాగంలో ఆడిట్ అయిన లెక్కలు, ఆటగాళ్లకు, సిబ్బందికి, పన్ను శాఖకు, ఇతర క్లబ్బులకు గడువు దాటిన బకాయిలు లేవన్న రుజువులు చూపాలి. ఈ దస్త్రం సిద్ధం చేసే వ్యక్తికి క్లబ్ ఆరోగ్యం గురించి యజమానికన్నా ముందే తెలుస్తుంది. నేను ప్రతి సంవత్సరం జనవరిలోనే ఒక నమూనా దస్త్రం తయారుచేసి సీఈఓ ముందు పెట్టేవాణ్ణి. అందులో లోటు కనిపిస్తే ఏప్రిల్‌లోగా పూడ్చుకునే వీలుంటుంది, జూన్‌లో కనిపిస్తే ఉండదు.

బకాయిల విషయంలో ఫిఫా నియమాలు కఠినం. రెండు నెలల జీతం ఆగితే ఆటగాడు లిఖితపూర్వకంగా పదిహేను రోజుల గడువిచ్చి, అప్పటికీ చెల్లించకపోతే న్యాయమైన కారణంతో ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. అతనికి నష్టపరిహారం కూడా కట్టవలసి వస్తుంది. ఫిఫా తీర్పు ప్రకారం డబ్బు చెల్లించని క్లబ్ కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా నిషేధం పడుతుంది. ఈ నియమాలు తెలియని యజమానులు ఒక నెల జీతం ఆలస్యమైతే ఏమవుతుందిలే అనుకుంటారు. వారికి క్యాలెండరు మీద తేదీలు గుర్తుపెట్టి చూపించడం ఫైనాన్స్ మనిషి బాధ్యత. మీ మాట వినిపించుకునే సీఈఓ ఉన్నారా లేదా అన్నది అప్పుడే తెలుస్తుంది.

బకాయిలు ఒక జట్టును ఏం చేస్తాయో మన హైదరాబాద్ ఎఫ్‌సీ విషయంలో కళ్లారా చూశాము. దీని గురించి రాస్తున్నప్పుడు ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. 2019లో పుణె జట్టు స్థానంలో పుట్టి, మనోలో మార్కెజ్ శిక్షణలో, 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి కప్పు తెచ్చిన జట్టు అది. తెలుగు నేల మీది జట్టు దేశంలో మొదటి స్థానంలో నిలవడం మా తరం ఊహించని సంగతి. ఆ రాత్రి ఇక్కడ మారతహళ్లిలో మా అపార్ట్‌మెంటులోని తెలుగు పిల్లలంతా పార్కింగ్ స్థలంలో పసుపు చొక్కాలతో ఆడుకున్నారు. రెండేళ్లు తిరగకుండానే జీతాల బకాయిలు, నమోదు నిషేధాలు, సీజన్ మధ్యలో వెళ్లిపోయిన ఆటగాళ్లు, 2023-24 పట్టికలో ఆఖరి స్థానం. 2024లో బీసీ జిందాల్ గ్రూప్ దాన్ని తీసుకుంది; 2025లో జట్టు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. బయటివాణ్ణి కాబట్టి లోపల ఏం జరిగిందో తీర్పు చెప్పను. కానీ ఆ కప్పు గెలిచిన ఆటగాళ్ల నైపుణ్యం రెండేళ్లలో ఆవిరైపోదు. ఆగిపోయింది డబ్బు. దానితో పాటు నగరానికి ఐఎస్ఎల్ జట్టే లేకుండా పోయింది.

ధనిక యజమాని, చక్కటి పద్ధతులు రెండూ ఉన్నా చేతిలో లేనిది ఇంకొకటి ఉంది, మీ ఇంట్లోవాళ్ల భయంలో నిజం ఉన్నది అక్కడే. మన సమాఖ్య 2010లో 15 ఏళ్లకు, 700 కోట్ల రూపాయలకు వాణిజ్య హక్కులు ఇచ్చిన ఒప్పందం 2025 డిసెంబరుతో ముగియవలసి ఉండగా, సమాఖ్య సొంత నియమావళి (రాజ్యాంగం) కేసు సుప్రీంకోర్టులో ఉండటంతో కొత్త ఒప్పందం కుదరలేదు. 2025 జూలైలో, ఆ హక్కులు చేతిలో ఉన్న లీగు నిర్వాహక సంస్థ తదుపరి సీజన్‌ను నిలిపివేసింది. ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ తన మొదటి జట్టు ఆటగాళ్ల, సిబ్బంది జీతాలను నిరవధికంగా ఆపుతున్నట్టు ప్రకటించింది. చెన్నయిన్ కూడా అదే దారి పట్టింది. తరువాత వాణిజ్య హక్కులకు టెండరు పిలిస్తే ఒక్క బిడ్డూ రాలేదు. ఆ వారాల్లో నాకు ఫోన్ చేసినవారిలో ఎక్కువమంది ఆటగాళ్లు కారు. కిట్ మేనేజర్లు, మసాజ్ చేసేవారు, వీడియో విశ్లేషకులు, గ్రౌండ్ సిబ్బంది. నెలకు పాతిక ముప్పై వేలతో ఇల్లు నడిపేవారు. అలాంటి స్థితిలో ఎవరి జీతం ముందు ఆపాలి, ఎవరిది చివర ఆపాలి అన్నది యజమాని, సీఈఓ కలిసి తీసుకోవలసిన నిర్ణయం. తక్కువ జీతాలవాళ్లది చివరనే ఆపాలని నేను ప్రతి బోర్డు సమావేశంలో వాదించాను, ఇప్పటికీ అదే అంటాను. బెంగళూరు క్లబ్ ఆ ప్రకటనలోనే యువ జట్లకు, పిల్లల శిక్షణ కేంద్రాలకు ఈ నిర్ణయం వర్తించదని చెప్పింది. ఆ ఒక్క వాక్యం నాకు ఊరట కలిగించింది.

మరి మంచి యజమాని ఎలా ఉంటారు? రెండో క్లబ్‌లో నేను చూసిన మనిషి గురించి చెబుతాను. ఆయన డ్రెస్సింగ్ రూములోకి సీజన్‌లో ఒకసారి, చివరి మ్యాచ్ తరువాత మాత్రమే వచ్చేవారు. ఏజెంట్లు ఫోన్ చేస్తే, మా స్పోర్టింగ్ డైరెక్టర్‌తో మాట్లాడండి అని నంబరు ఇచ్చి పెట్టేసేవారు. వరసగా ఆరు మ్యాచ్‌లు ఓడినప్పుడు కోచ్‌ను తీసేయాలని పత్రికలు రాస్తుంటే, సీఈఓను పిలిచి, కోచ్‌ను తీసేస్తే ఎంత కట్టాలి, ఉంచితే ఏ మ్యాచ్ దాకా చూడాలి అని ఒక పేజీలో రాసి ఇమ్మన్నారు. ఆ పేజీ నేనే టైపు చేశాను. కోచ్‌ను ఉంచారు, ఆ ఏడాది ఎనిమిదో స్థానంలో ముగిశాము, గొప్ప ఫలితమేమీ కాదు. కానీ మరుసటి ఏడాది ఆ కోచ్ తెచ్చిన ఇద్దరు యువ ఆటగాళ్లను అమ్మితే వచ్చిన డబ్బుతో అకాడమీకి రెండేళ్ల ఖర్చు గడిచింది. ఆ యజమానికి ఫుట్‌బాల్ గురించి మొదటి క్లబ్ యజమానికి తెలిసినంత కూడా తెలియదు.

కాబట్టి ఇంటర్వ్యూలో మీరు అడగవలసినవి కొన్ని ఉన్నాయి, అడగడానికి మొహమాటపడవద్దు. చెల్లింపుల అధికారాల గురించి బోర్డు తీర్మానం ఉందా, ఏ మొత్తం వరకు ఎవరు సంతకం చేయవచ్చు అని అడగండి. గత రెండేళ్లలో జీతాలు ఏ తేదీన పడ్డాయో అడగండి. జవాబుతో సరిపెట్టుకోకుండా అక్కడ పనిచేసే ఫిజియోనో కిట్ మేనేజర్‌నో విడిగా కలిసి కనుక్కోండి. చివరి లైసెన్సు పూర్తిగా వచ్చిందా, మినహాయింపుతో వచ్చిందా అని అడగండి. ఆటగాడి ఒప్పందం మీద సంతకం జరిగే ముందు ఫైనాన్స్ ఆమోదం తప్పనిసరా అన్న ప్రశ్నకు సీఈఓ తడుముకుంటే, మీరు చేయబోయేది మరొకరు ఇచ్చిన మాటలకు లెక్కలు రాసే పని అని గ్రహించండి. యజమాని మాతృసంస్థ నుంచి డబ్బు నెలనెలా వస్తుందా, మూడు నెలలకొకసారి ముందుగా వస్తుందా అన్నది కూడా ముఖ్యం. రెండోది ఉన్న క్లబ్‌లో మీరు నిద్రపోగలుగుతారు.

మీ ఇంటి అప్పు, పిల్లల చదువు వంటి బాధ్యతలు ఎంతున్నాయో నాకు తెలియదు. కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉంచుకునే చేరండి. 2025లో నా తోటివారిని ఆదుకున్నది అదే. మీ నియామక పత్రంలో నోటీసు గడువు ఎన్ని నెలలో, లీగు ఆగిపోతే జీతం సంగతేమిటో స్పష్టంగా రాయించుకోండి. ఆ పత్రం మీద క్లబ్ తరఫున ఎవరు సంతకం చేస్తారో, ఆ వ్యక్తికి ఆ అధికారం ఇచ్చిన తీర్మానం నకలు ఇవ్వగలరేమో హెచ్‌ఆర్‌ను అడగండి. ఆ నకలు ఒక్క రోజులో వస్తే నాకు రాయండి, మిగిలిన విషయాలు వివరంగా మాట్లాడుకుందాం. వారం దాటినా రాకపోతే ప్రస్తుత ఉద్యోగానికి రాజీనామా ఇవ్వవద్దు.